దరీయానా, ద్యేరానా? బేకెర్ పద్యంలో ఒక్క అక్షరం

రాత్రి నుంచి స్పానిష్ కవి బేకెర్ పద్యం ఒకటి నోట్లో ఆడుతోంది. ఒక చూపుకి లోకం, ఒక నవ్వుకి స్వర్గం, ఒక ముద్దుకి... ఏమిచ్చేవాణ్ణో తెలీదు అంటాడే, అది. చివరి పాదం నాకు 'కే తే దరీయా పోర్ ఊన్ బేసో' (ఒక ముద్దుకి నీకు ఏమిచ్చేవాణ్ణో) అని గుర్తు. క్లాసులో కండిషనల్ ('అడిగితే ఇచ్చేవాణ్ణి' లాంటి షరతు రూపం) అలాగే చెప్పారు, క్రియ మొత్తం ఉంచి చివర 'ఈయా' తగిలించడమే: దరీయా, దరీయాస్, దరీయామోస్, దరీయాన్. మా అమ్మాయేమో 'ద్యేరా' అంటోంది. ఏది సరి?

— ద్యేరానే అండి. పాదానికి ఎనిమిది అక్షరాలు, వేళ్ల మీద లెక్కపెట్టండి: కే-తే-ద్యే-రా-పోర్-ఊన్-బే-సో. ద-రీ-యా పెడితే తొమ్మిదవుతాయి.

— అదొక్కటే ఆధారమా మాస్టారూ? 'తే' తీసేయండి. 'కే దరీయా పోర్ ఊన్ బేసో'. ఎనిమిదే!

— 'తే' అంటే 'నీకు'. ప్రేమ పద్యంలో 'నీకు' తీసేస్తే ఇంకేం మిగిలింది? పైగా ద్యేరాలోని ఈ 'రా' రూపం కండిషనల్ పని చేయడం స్పానిష్‌లో పాత అలవాటే. 'కిస్యేరా ఊన్ కఫే' అని ఇప్పటికీ మర్యాదగా కాఫీ అడుగుతారు.

— నా పేచీ తెలుగులో 'ఇచ్చేవాణ్ణి' అనడం మీద. రోజూ ఇచ్చేవాణ్ణి, అడిగితే ఇచ్చేవాణ్ణి: మనకు రెండింటికీ ఒకటే రూపం. స్పానిష్ వాళ్లు విడదీస్తారు. రోజూ తినేవాణ్ణి అంటే కొమీయా, పెడితే తినేవాణ్ణి అంటే కొమెరీయా. మధ్యలో ఒక్క అక్షరం తేడా. ఇక్కడ ముద్దు చేజారిపోలేదు, ఇంకా ఆశ ఉంది. 'ఏమిచ్చుకోనూ' అంటేనే ఆ తపన వస్తుంది.

— 'ఏమిచ్చుకోనూ' చాలా బాగుంది అక్కా! అన్నట్టు, స్పెయిన్‌లో 1868 తిరుగుబాటులో బేకెర్ పద్యాల రాతప్రతి పోయింది. చాలావరకు గుర్తు తెచ్చుకుని మళ్లీ రాసుకున్నాడు. ఆ నోటుబుక్కుకి పిచ్చుకల పుస్తకం అని పేరు. 1870లో పోయాడు, 34 ఏళ్లకే. మిత్రులు పుస్తకం వేసింది మరుసటేడు. పోయిన ప్రతిలో 'దరీయా' ఉందేమోనని నా అనుమానం.

— ఉండదండి. తొమ్మిదో అక్షరాన్ని ఆయన చెవి ఒప్పుకోదు.

— 'రీయా'ని ఒకే అక్షరంగా కలిపి పలికితే? కవులకు ఆ వెసులుబాటు ఉందిగా.

— ఇప్పుడే రెండూ పైకి చదివాను. ద్యేరా దగ్గర పాదం చకచకా సాగిపోతోంది. దరీయా దగ్గర గొంతు కాస్త ఆగుతోంది, అడగాలా వద్దా అన్నట్టు. నాకు అదే కావాలనిపిస్తోంది.