వెలుతురే లేని లోతులో చేపకి ఏడాదికో గీత ఎలా పడుతుంది?

సముద్రప్పిచ్చి:
ఒక డౌట్ అండి. ఆరెంజ్ రఫీ అనే చేప నూరేళ్లు దాటి బతుకుతుందంట, చెట్టు కాండంలో వలయాల్లాగా దాని చెవిలో రాయి కోసి గీతలు లెక్కపెడతారంట. అంతవరకు ఓకే, కానీ అది ఉండేది కిలోమీటరు లోతులో, అక్కడ ఎండా లేదు వానా లేదు, మరి ఏడాదికి ఒకటే గీత అని ఎవరు చూసొచ్చారు?

చెవిరాయి:
మంచి పాయింట్ పట్టారు, దీని మీదే చాలాకాలం గొడవ నడిచింది. పైనుంచి రాలే తిండి మాత్రం సీజన్ని బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, గీతలకి అదే కారణం అంటారు. మొదట్లో వీటికి 20-30 ఏళ్లే అనుకున్నారు. పొలుసులు నమ్ముకుంటే ఇంకా మోసం, ముసలి చేపకి అవి పెరగడం దాదాపు ఆగిపోతుంది, చెవిరాయి మాత్రం బతికినన్నాళ్లూ పొర మీద పొర వేసుకుంటూనే ఉంటుంది.

గుడ్లగూబ:
తేల్చింది సీసం అండి. చేప పిల్లగా ఉన్నప్పుడే రాయి నడిమధ్యలోకి కాస్త రేడియం-226 అనే రేడియోధార్మిక పదార్థం చేరుతుంది, అది మెల్లగా సీసం-210గా మారుతూ ఉంటుంది, ఆ రెండిటి నిష్పత్తి చూస్తే ఎన్నాళ్లయిందో తెలుస్తుంది, గీతలతో పనే లేదు. 1991లో ఆస్ట్రేలియా వైపు చేపల మీద ఇలా చూస్తే 38-40 సెంటీమీటర్ల వాటికి 77 నుంచి 149 ఏళ్లు వచ్చింది. అంత తేడా ఎందుకంటే సీసం-210 హాఫ్ లైఫ్, అంటే సగం తరిగిపోయే కాలం, 22 ఏళ్లే, నూరేళ్లు దాటేసరికి సీసం రేడియంతో దాదాపు సమానం అయిపోతుంది, ఇక ఆ గడియారం నడవదు.
ఈలోపు ఏం జరిగిందంటే 1980ల్లో న్యూజిలాండ్ దగ్గర టన్నులకి టన్నులు పట్టేశారు, ఇది గుడ్లు పెట్టే వయసుకి రావడానికే 30 ఏళ్లు దగ్గర పడుతుంది మరి.

సముద్రప్పిచ్చి:
అబ్బో. మరి గ్రీన్‌లాండ్ సొరచేపకి 400 ఏళ్లు అంటారు, దానికి కోసి చూడ్డానికి రాయి కూడా లేదు కదా?

చెవిరాయి:
లేదు, వెన్నుపూసలు కూడా మెత్తగా ఉంటాయి, గీతలు పడవు. అందుకే కంటి లెన్స్ మధ్యభాగం తీశారు, అది పుట్టకముందే తయారై మళ్లీ మారదు, అందులో కార్బన్-14 కొలిచారు. 1950లు, 60ల అణుపరీక్షల వల్ల పెరిగిన కార్బన్-14 కనిపిస్తే అది ఈమధ్య పుట్టినదన్నట్టు, లేకపోతే అంతకుముందుది, అలాంటివాటికి కార్బన్-14నీ సైజునీ కలిపి వయసు అంచనా వేశారు. 2016లో 28 ఆడచేపల్ని చూస్తే అన్నిటికన్నా పెద్దది, 5 మీటర్లది, 392 ఏళ్లు అని వచ్చింది, అటూ ఇటూ 120.

సముద్రప్పిచ్చి:
120 అటూ ఇటూనా!! దాన్ని లెక్క అంటారా ఇంక

గుడ్లగూబ:
సరే, తక్కువలో తక్కువ 272 అనే వేసుకోండి, వెన్నెముక ఉన్న జంతువుల్లో అప్పటికి తెలిసినవాటిలో అదే ఫస్ట్.