28 ఎంఎం బొమ్మల్లో పైక్‌మెన్ (పొడవాటి బల్లెం పట్టిన సైనికులు): 1470ల బాక్స్‌ని పావియా 1525కి మార్చొచ్చా? పైగా పైక్‌లు విరిగిపోతున్నాయి

పెయింట్‌పిచ్చోడు:
అందరికీ నమస్తే. చాన్నాళ్ళుగా చదువుతున్నా గానీ పోస్ట్ పెట్టడం ఇదే మొదటిసారి. మా బావ లండన్ నుంచి వస్తుంటే లాండ్స్‌క్నెక్ట్‌ల (1500ల నాటి జర్మన్ కిరాయి సైనికులు) బొమ్మల బాక్స్ తెమ్మన్నా, ఆయనేమో 1450-1500 నాటి కిరాయి సైనికుల ప్లాస్టిక్ బాక్స్ తెచ్చాడు, ఇది కాదు బావా అంటే "బల్లేలు పట్టుకున్నోళ్ళే కదరా" అన్నాడు, ఇంకేం అంటాం. నాకేమో ఈ బొమ్మలతో పావియా యుద్ధం ఆట ఆడాలని, ఇటలీలో ఫ్రాన్స్ రాజు ఫ్రాన్సిస్ దొరికిపోయింది చూశారా, అదే, 1525 ఫిబ్రవరి 24. వీళ్ళని ఎలాగోలా కోసి అతికించి ఆ కాలానికి లాక్కురావచ్చా? రెండోది, ప్లాస్టిక్ పైక్‌లు ముట్టుకుంటే వంగిపోతున్నాయి, ఇప్పటికే నాలుగు విరిచా, ఒకటైతే మా పిల్లి విరిచింది. మూడోది రంగులు, ఒక్కొక్కడికి ఒక్కో రంగు బట్టలంటే ఈ జన్మకి అవుతుందా? ఆరుగురికి ప్రైమర్ కొట్టి కూర్చున్నా.

వైజాగ్_మినీస్:
బాబూ, ముందు నా సలహా చెప్తాను, నచ్చకపోతే వదిలేయండి. యుద్ధం మార్చేయండి. మీ బాక్స్ సరిగ్గా బర్గండీ యుద్ధాలకి సరిపోతుంది. గ్రాన్సన్, ముర్టెన్ రెండూ 1476లోనే, స్విస్ వాళ్ళు బర్గండీ డ్యూక్ చార్లెస్ ద బోల్డ్‌ని చిత్తుగా ఓడించిన యుద్ధాలు. బట్టల మీద స్విస్ వాళ్ళ తెల్ల గుడ్డముక్కల శిలువ గుర్తు రంగుతో వేసేస్తే అయిపోయింది, ఒక్క కోత కూడా అక్కర్లేదు. ముర్టెన్‌కీ పావియాకీ మధ్య దాదాపు యాభై ఏళ్ళు, బట్టల విషయంలో అది చాలా ఎక్కువ. మీ బొమ్మలకి బిగుతు ప్యాంట్లు, పొట్టి జాకెట్లు, సల్లెట్ హెల్మెట్లు, మొనదేలిన బూట్లు ఉంటాయి. 1525 లాండ్స్‌క్నెక్ట్ అంటే ఉబ్బెత్తు చేతులు, గుడ్డ కోసి లోపలి రంగు బయటికి లాగిన చీలికలు, పళ్ళెమంత టోపీ, దాని మీద ఈకలు, ముందు వెడల్పుగా ఉండే బూట్లు. ఆ బూట్లని జర్మన్‌లో ఆవుమూతి బూట్లనే అనేవాళ్ళు.

అయినా మార్చాల్సిందే అంటే కింద నుంచి మొదలుపెట్టండి. బూటు మొన కత్తితో తెగ్గొట్టి, చిటికెడు పుట్టీ (బొమ్మలకి వాడే, ఆరితే గట్టిపడే ముద్ద) పెట్టి వెడల్పు చేయండి. చేతుల మీద ప్లాస్టిక్‌లోనే నిలువుగా నాలుగు గాట్లు పెడితే సగం పనయినట్టే, రంగు వేసినప్పుడు గాటులో వేరే రంగు నింపొచ్చు. టోపీకి పుట్టీని చిన్న అప్పడంలా ఒత్తి, గుండు తల మీద పక్కకి వాల్చి పెట్టి, గట్టిపడ్డాక అంచుకి నాలుగు కోతలు. గ్రీన్ స్టఫ్ అనే పుట్టీ ఖరీదనుకుంటే టోపీలకి ఎం-సీల్ చాలు. కానీ ముఖాల దగ్గర దాన్ని వాడకండి, త్వరగా బిగుసుకుపోతుంది, వేలి గుర్తులు మిగిలిపోతాయి. నడుముకి అడ్డంగా వేలాడే చిన్న కత్తి, కాట్స్‌బాల్గర్ మాత్రం తప్పకుండా పెట్టండి, సన్న తీగని ఎస్ ఆకారంలో వంచితే పిడి దగ్గర అడ్డు తయారు. దూరం నుంచి చూసినా లాండ్స్‌క్నెక్ట్ అని తెలిసేది దానివల్లే.

డల్లాస్_డైస్:
అంకుల్ చెప్పింది కరెక్టే గానీ అన్నా ఒక దొంగదారి ఉంది. పావియాలో ఇంపీరియల్ వాళ్ళు, అంటే చక్రవర్తి ఐదో చార్లెస్ సైన్యం, రాత్రిపూట కదిలారు కదా, చీకట్లో ఒకళ్ళనొకళ్ళు గుర్తుపట్టడానికి కవచాల మీద తెల్ల చొక్కాలు తొడుక్కున్నారు. అంటే పుట్టీని పల్చగా ఒత్తి మొండెం మీద వదులు చొక్కాలా కప్పేయ్, 1470ల జాకెట్ మొత్తం లోపల దాక్కుంటుంది, నువ్వు చేతులు, టోపీ, బూట్లు చూసుకుంటే చాలు. రంగులు కూడా సగం తగ్గిపోతాయి. నేను పన్నెండు మందిని ఇలాగే చేశా, ఒక వీకెండ్.

వైజాగ్_మినీస్:
ఐడియా బావుంది, ఒప్పుకుంటా. కానీ తెలుపు వేయడం తేలికని ఎవరు చెప్పారు మీకు? ఎర్ర గుడ్డ ఒక్క వాష్‌తో (ముడతల్లోకి పారే పల్చటి రంగు) బతికిపోతుంది, తెలుపు ప్రతి తప్పునీ చూపిస్తుంది. తెల్ల రంగుతో మొదలుపెట్టకండి. ఎముక రంగు గానీ వెచ్చటి బూడిద గానీ వేసి, ముడతల్లో నీళ్ళగా చేసిన గోధుమ రంగు పోనిచ్చి, చివర్లో భుజాల మీదా మడతల అంచులోనూ మాత్రమే అసలు తెలుపు.

పెయింట్‌పిచ్చోడు:
తెల్ల చొక్కా ఐడియా కేక! ముర్టెన్ కూడా మనసులో ఉంది సార్, రెండో బాక్స్ దొరికితే. మరి పైక్‌ల సంగతి ఎవరూ చెప్పలేదు.

ఈనెపుల్ల_కరీంనగర్:
నేను చెప్త. నా పేరు చూస్తనే తెలుస్తది గద తమ్మీ. అసలు పైక్ 5 మీటర్ల దరిదాపుల ఉంటది, ఐదున్నర దాక. 28 ఎంఎం బొమ్మంటే లెక్కకు 56 వంతుల్లో ఒకటి, అంటే నీకు కావాల్సింది 90 నుంచి 98 ఎంఎం కట్టె. అందరూ స్టీల్ తీగె అంటరు, మంచిదే, కానీ నేను కొబ్బరి చీపురు పుల్ల వాడుత. నవ్వకు. అసలు పైక్ కూడా మొదట్ల లావు, కొసకు సన్నం, ఈనె పుట్టుకతోనే గట్లుంటది, తీగెకు ఆ అందం రాదు. పాత చీపురు తీసుకో, కొత్తదాంట్ల పచ్చి ఉంటది, ఎండితే వంగుతది. వానకాలంల గూడ వంగుతది, అందుకే ముందుగాల రెండు దిక్కులా పల్చగ వార్నిష్ కొట్టాలె. మొన కోసం మాత్రల అట్ట మీది రేకు తీసి ఆకు లెక్క కోసి అతికించు. దాని కిందికి సన్నటి కాయితం పట్టీలు రెండు అంటిస్తే కట్టె తెగకుండ వేసే ఇనుప పట్టీల లెక్క మస్తుగొడ్తది.

చెయ్యి సంగతి: ప్లాస్టిక్ కట్టె కోసేసి పిడికిలి మిగిలించు. చేతి డ్రిల్‌తోని పై నుంచి సగం, కింది నుంచి సగం, నడుమ కలవాలె, ఒక్క దిక్కు నుంచే పొడిస్తే వేళ్ళు పగుల్తయి. కట్టె కింది కొసను బొమ్మ నిలబడే బేస్ దాక దించి ఫెవిక్విక్ పెట్టు. రెండు చోట్ల పట్టుకుంటే ఇగ నీ పిల్లి గూడ ఏం జెయ్యలేదు.

డల్లాస్_డైస్:
తీగ వాడేవాళ్ళకి ఒక మాట, కట్ చేసేటప్పుడు కళ్ళజోడు పెట్టుకోండి, స్టీల్ ముక్క ఎటు ఎగురుతుందో తెలీదు. ఇంకా మొన సుత్తితో చదును చేశాక పదును తీసేయండి. నా వేళ్ళు జల్లెడ అయ్యాయి.

రంగుల గురించి: అందరినీ ఒకేలా కష్టపడి వేయకు అన్నా. ముందు రెండు వరసలకి చారలు, చీలికలు, ఒక కాలు ఎరుపు ఒక కాలు పసుపు అన్నీ వేయ్, వెనక వరసలకి మూడే రంగులు. బట్టలు ఎక్కువ ఉన్నివే కాబట్టి పట్టులా మెరిపించకు. అప్పటి అద్దకాలు మంజిష్ఠ జాతి వేరు నుంచి ఎరుపు, వోడ్ ఆకు నుంచి నీలం, వెల్డ్ మొక్క నుంచి పసుపు, ఈ మూడు రంగుల్నే వాడి, ఒక్కోదాన్నీ కాస్త మురికి చేసుకుంటే చాలు. నియాన్ గులాబీ ఎవడైనా వేస్తే నాకు కడుపు మండుతుంది. చిక్కటి నలుపు అద్దకం చాలా ఖరీదు, అది కెప్టెన్‌కి ఉంచు.

పెయింట్‌పిచ్చోడు:
ఈనె పుల్ల ఇప్పుడే ట్రై చేశా, నిజంగానే సూపర్ ఉంది అన్నా. ఆఖరి డౌట్, ముందు వరస పైక్‌లు అడ్డంగా చాచి పెట్టాలా, నిలబెట్టాలా? చాచి పెడితే లుక్ అదిరింది గానీ ఆటలో ఎదుటి దళం బేస్‌కి నా బేస్ ఆనించడం కుదరట్లేదు.

వైజాగ్_మినీస్:
ముందు వరసలో ఇద్దరినో ముగ్గురినో చాచి పెట్టి, వాళ్ళని విడిగా తీసేలా చేసుకోండి, ఫోటోకి పెట్టి ఆటలో తీసేయొచ్చు. రెండో వరస ఏటవాలుగా, మిగతావాళ్ళు నిటారుగా. అయితే అతికించే ముందు మీరు బొమ్మలు దాచే డబ్బా ఎత్తు కొలుచుకోండి, నిలబెట్టిన పైక్‌కి బేస్‌తో కలిపి 11 సెంటీమీటర్లకి తక్కువ పనికిరాదు. నేను కొలవలేదు. నాది 9 సెంటీమీటర్ల స్వీట్ల డబ్బా, అందుకే నా స్విస్ వాళ్ళందరి పైక్‌లూ పొట్టి. ఇప్పటిదాకా ఎవరూ కనిపెట్టలేదు లెండి.