ఏజెన్సీలో చర్చి మెడికల్ క్యాంపులు: మందులకు ముందు ప్రార్థన ఎందుకు?

గోస్తనీ:
పోయిన నెల పెదబయలు వైపు వెళ్లాను. సంత పక్కన విశాఖ నుంచి వచ్చిన ఒక చర్చి వాళ్లు మెడికల్ క్యాంపు పెట్టారు. ముందు పాట, తర్వాత ప్రార్థన, ఆపైన వాక్యం. అదంతా అయ్యాకే బీపీ చూసి మందులిచ్చారు. జ్వరంతో కాలిపోతున్న పిల్లాడిని ఒళ్లో పెట్టుకుని ఒక తల్లి ముప్పావు గంట కూర్చుంది. నేను ఏజెన్సీలో పదకొండేళ్లు ఏఎన్ఎంగా చేసి రిటైరయ్యాను. అక్కడ జ్వరమంటే ముందు వేలి నుంచి రక్తపు చుక్క తీసి మలేరియా చూడాలి. వాళ్ల సేవను కాదనను. మందుకి ముందు ప్రార్థన ఎందుకు అన్నదే నా ప్రశ్న.

మర్రిపాలెం_జీపు:
అమ్మా, అలాంటి క్యాంపులకి ఆరేళ్లుగా జీపు నడుపుతున్నాను. మీరు చూసింది మాదో కాదో తెలీదు గానీ మేమూ ప్రార్థనతోనే మొదలుపెడతాం. కూర్చోమని ఎవరినీ బలవంతం చేయం. గెడ్డ పొంగితే జీపు ఇవతలే వదిలేసి, మందుల అట్టపెట్టెలు నెత్తిన పెట్టుకుని దాటిన రోజులున్నాయి. నిండు గర్భిణిని డోలీలో మోసుకొస్తుంటే దారిలో ఎదురుపడి ఎక్కించుకున్నాం. పాడేరు చేరేదాకా ప్రార్థన చేస్తూనే ఉన్నాం. బిడ్డ బతికింది. ఆ ఇంటివాళ్లు ఇప్పటికీ చర్చికి రారు, మేం అడగలేదు కూడా. విశాఖకి మిషనరీలు నిన్నగాక మొన్న వచ్చినవాళ్లు కాదు. క్రాన్, డెస్ గ్రాంజెస్ 1805లో వచ్చారు, సువార్తల్ని తెలుగులోకి తేవడం మొదలుపెట్టారు. 1810కల్లా ఇద్దరూ ఇక్కడి నేలలోనే కలిసిపోయారు.

గోస్తనీ:
1805 సంగతి నేను అడగలేదు బాబూ. ముందా, తర్వాతా? అది చెప్పండి.

కంచరపాలెం_33:
మతం మారినవాళ్లకి ఎస్టీ రిజర్వేషన్ తీసేస్తే ఇవన్నీ ఆగిపోతాయి.

డాబాగార్డెన్స్_వకీలు:
33 గారూ, మీరు ఎస్సీల నిబంధనని ఎస్టీలకి అంటగడుతున్నారు. 1950 నాటి ఉత్తర్వుల్లో మతం షరతు ఎస్సీల జాబితాకే ఉంది. ఎస్టీలది తెగని బట్టి, మతాన్ని బట్టి కాదు. అలాగని మత ప్రచార హక్కులో ఎదుటివాళ్లని మార్చే హక్కు లేదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రెండూ గుర్తుపెట్టుకుని మాట్లాడితే బాగుంటుంది.

మర్రిపాలెం_జీపు:
అమ్మా, ముందే. పని మొదలుపెట్టేటప్పుడు దేవుణ్ని తలుచుకోరా ఎవరైనా? మీ సబ్‌సెంటర్లో వేంకటేశ్వరస్వామి క్యాలెండర్ లేదా?

గోస్తనీ:
ఉంది. దానికి దణ్ణం పెట్టాకే సూది వేస్తానని ఏ తల్లికీ చెప్పలేదు. పదకొండేళ్లలో ఒక్కసారి కూడా. నాకూ ఒక బాధ ఉంది, రాస్తాను. వానల్లో ఒంటరిగా ఊళ్లు తిరిగి పిల్లలకి టీకాలు వేశాను. నెలకొకసారి వచ్చే జీపుకి దండలు వేశారు గానీ, మమ్మల్ని మాత్రం రాలేదనే అన్నారు.

సీతమ్మధార_రాణి:
వెళ్లినవాళ్లు వెళ్లారు కదా, అంతే చాలు. ఇక్కడ కూర్చుని మాట్లాడేవాళ్లే ఎక్కువ.

పెదబయలు_కువి:
మేడమ్, ఇంతమంది మాట్లాడుతున్నారు, ఆ ఊళ్లవాళ్లని అడిగినవాళ్లు లేరు. నేను ఆ వైపు వాణ్ని, ఎంవీపీ కాలనీలో రూము తీసుకుని చదువుకుంటున్నాను. మా ఇంట్లో కువి మాట్లాడతాం. మా భాషకి 1911లో వ్యాకరణం రాసింది షుల్జే అనే మిషనరీ. ఆ పుస్తకం చూసి సంతోషపడ్డాను, దాచను. మందులు కూడా మా అమ్మ వాళ్ల దగ్గరే తీసుకుంది. ప్రార్థన ముందా తర్వాతా అన్నది మాకు పెద్ద విషయం కాదు. వాళ్లు వెళ్లిపోయాక ఊళ్లో ఏం మిగిలిందో అడగండి.

మా అన్న చర్చిలో చేరాడు. ఇటుకల పండక్కి చందా ఇవ్వనన్నాడు. మగవాళ్లు వేటకి పోతారు, ఆడవాళ్లు రోడ్డుకి దుంగ అడ్డం పెట్టి దారిన పోయేవాళ్ల దగ్గర పజోరు, అంటే పండగ డబ్బులు, వసూలు చేస్తారు, ఊరంతా ఒక్కటిగా ఉండే రోజులవి. వదిన ఇంట్లోంచి బయటికి రాలేదు. రెండేళ్లకి నాన్న పోయాడు. డప్పు కొడితే నేను రానని అన్న అన్నాడు. డప్పు లేకుండా మేం మొయ్యమని పెద్దలన్నారు. పొద్దున పోయిన మనిషి సాయంత్రం దాకా అరుగు మీదే ఉన్నాడు. ఈగలు తోలుతూ కూర్చున్నది నేను.

మర్రిపాలెం_జీపు:
చాలా బాధ తమ్ముడూ. కానీ మొయ్యమన్నది మీ పెద్దలు. చందా ఇవ్వకపోతే బోరు దగ్గరికి రానివ్వని ఊళ్లు నేను చూశాను. అది కూడా రాయి.

పెదబయలు_కువి:
రాస్తాను. మా ఊళ్లోనూ నాలుగు రోజులు రానివ్వలేదు. అది తప్పే, నేనే గొడవపడ్డాను. మీరు మాత్రం మీ వంతు ఒప్పుకోరు! డప్పు సైతానుదని మా అన్నకి చెప్పింది ఎవరు? మా పెద్దలా?

మర్రిపాలెం_జీపు:
నేను చెప్పలేదు. మా పాస్టరు గారూ అలా అనరు. అందరినీ ఒకే గాటన కట్టొద్దు!

కంచరపాలెం_33:
నేను మొదట్నుంచీ అదే అంటున్నా.

పెదబయలు_కువి:
33 అన్నా, మీరు ఆగండి. మీరు అడిగినట్టు చేస్తే పోయేది మా అన్న పిల్లల హాస్టల్ సీటు.

మర్రిపాలెం_జీపు:
రాత్రంతా నిద్ర పట్టలేదు, ఒకటి చెప్పాలి. మా నాయనమ్మకి కుష్ఠు వస్తే ఇంటివాళ్లే ఊరవతల పాకలో పెట్టారు. అన్నం కర్రతో తోసేవారు. మిషన్ ఆసుపత్రిలో ఒకావిడ చేతులతో పుండ్లు కడిగి, కట్టు కడుతూ ప్రార్థన చేసేదట. నాయనమ్మకి ఆ చేయి, ఆ మాట రెండూ ఒకటే. నాకూ అంతే. మందు వేరు, దేవుడు వేరు అని మేడమ్ అంటుంటే నాకు ఎక్కడం లేదు.

పెదబయలు_కువి:
మీకు ఎలాగో మాకూ అలాగే అన్నా. మా అమ్మవారు జాకరమ్మకి మొక్కకుండా విత్తనం చల్లం. పొలం, డప్పు, శవం మొయ్యడం, అమ్మవారు అన్నీ కలిసే మాకు ఊరు. మందు ఇచ్చి అందులోంచి ఒక మనిషిని తీసుకుంటే మిగతావాళ్లకి భుజం తగ్గుతుంది. మీ నాయనమ్మని ఊరు తోసేసింది. మా అన్నని మేం తోసెయ్యలేదు, వాడు కావాలి మాకు.

గోస్తనీ:
నేను అడిగింది చిన్న ప్రశ్న. ఇంత ఉందనుకోలేదు. అయినా ఆ పిల్లాడి జ్వరం సంగతి అలాగే ఉంది. బాబూ, జ్వరం ఉన్నవాళ్లని ముందు చూసి, ప్రార్థన మీ ఇష్టం వచ్చినప్పుడు పెట్టుకోలేరా?

మర్రిపాలెం_జీపు:
ప్రార్థన మానమంటే మాననమ్మా. జ్వరం ఉన్నవాళ్లకి పక్కన వేరే బల్ల వెయ్యమని కమిటీలో అడుగుతాను. ఒప్పుకుంటారో లేదో చెప్పలేను. తమ్ముడూ, డప్పు గురించి కూడా అడుగుతాను. మీ అన్న ఏ చర్చికి వెళ్తాడో నాకు మెసేజ్ పెట్టు.

పెదబయలు_కువి:
పెట్టాను. చైత్రంలో పండగ. ఆలోపు అడగండి.