నిజిన్‌స్కీ బాలేలకీ ఆయన లైంగికతకీ సంబంధం ఉందా?

తెరచాటు: రష్యన్ బాలే డాన్సర్ వాస్లావ్ నిజిన్‌స్కీ మీద ఏ వ్యాసం తెరిచినా ముందు బాలే కంపెనీ నడిపిన డియాగిలెవ్‌తో ప్రేమ, తర్వాత పెళ్ళి, ఆపైన మతిచలనం. డాన్స్ గురించి చివర్లో రెండు లైన్లు. 1912 మే 29న పారిస్‌లో 'ఆఫ్టర్‌నూన్ ఆఫ్ ఎ ఫాన్' వేశాడు. గాల్లోకి ఎగరడంలో సాటిలేడని పేరున్న మనిషి, అందులో ఒక్కసారే ఎగురుతాడు. పాత గ్రీకు కుండల మీది బొమ్మల్లా అందరూ పక్కకి తిరిగి నడుస్తారు. ఈ కొత్తదనానికీ పడకగదికీ ఏం పని?

పాతరికార్డు: చివరి ఘట్టం దాటేశారేం? సగం మేక, సగం మనిషి అయిన ఫాన్, వనకన్య వదిలేసిన మేలిముసుగు మీద పడుకుని చేసే పని చూసే కదా 'లె ఫిగారో' పత్రిక సంపాదకుడు మండిపడింది! శిల్పి రోదాఁ వెనకేసుకొచ్చాడు. ఆ బాలేలో ఉన్నదే కోరిక. మరుసటి ఏడాది టెన్నిస్ ఆట మీద చేసిన బాలేలో ఒక అబ్బాయి, ఇద్దరమ్మాయిలు. నిజానికి ముగ్గురూ మగవాళ్ళేనని డైరీలో ఆయనే రాసుకున్నాడు.

తెరచాటు: ఆ డైరీ 1919లో, మనసు చెదిరిపోతున్న రోజుల్లో రాసింది. దాన్ని పట్టుకుని 1913 నాటి అడుగులకి అర్థం చెప్పేస్తామా?

మువ్వ: 1936లో ఆ డైరీ అచ్చువేసినప్పుడు భార్య రొమోలా చాలా భాగం కత్తిరించేసింది. పూర్తి పాఠం 1990లలో గానీ రాలేదు. 'లైంగికత మనకెందుకు' అంటే మళ్ళీ ఆవిడ కత్తెర పట్టుకున్నట్టే. అలాగని 'గే' అని చీటీ అంటించేయడమూ తొందరే. ఆడవాళ్ళ వెంట తిరిగిన సంగతీ, డియాగిలెవ్ మీద అసహ్యమూ అందులోనే ఉన్నాయి. నన్నడిగితే అసలు సంగతి ఉద్యోగం. డియాగిలెవ్ ఆయనకంటే పదిహేడేళ్ళు పెద్ద, పైగా కంపెనీ యజమాని. 1913 సెప్టెంబరులో బ్యూనస్ ఎయిరిస్‌లో నిజిన్‌స్కీ పెళ్ళి చేసుకున్నాడు, పని పోయింది. ఆ తర్వాత జనం ముందుకొచ్చిన కొత్త బాలే ఒక్కటే, 1916లో న్యూయార్క్‌లో. మొత్తం కలిపి నాలుగు!

పాతరికార్డు: యజమాని సంగతి ఒప్పుకుంటా. 'గే' అన్న మాట నేను వాడలేదు, చూసుకోండి.

తెరచాటు: నాలుగే మిగలడానికి కారణం అదే, సరే. కానీ 1913లోనే ఆయన చేసిన ఇంకో బాలే 'రైట్ ఆఫ్ స్ప్రింగ్'లో పాదాలు లోపలికి తిప్పి నేలని దబదబా తొక్కడం ఏ కోరిక? అలాంటి మొరటు, బరువైన అడుగులే 1923లో ఆయన చెల్లెలు బ్రొనిస్లావా చేసిన బాలే 'లె నోస్'లోనూ ఉన్నాయి. ఫాన్‌ని మీకిచ్చేస్తున్నా. దీన్ని మాత్రం ఇవ్వను.