కర్ణభేరి మీద పొక్కులు: చుక్కల మందు ఎందుకు రాయలేదు?

ప్రశ్న:
జలుబు తగ్గుముఖం పట్టిందనుకుంటుండగా, మొన్న రాత్రి కుడి చెవిలో ఉన్నట్టుండి పోటు మొదలై తెల్లవార్లూ నిద్ర పట్టనివ్వలేదు. ఉదయం తలగడ మీద రక్తపు చార కలిసిన పలచని నీరు కనబడింది. విచిత్రంగా అప్పటి నుంచి నొప్పి కొంత సడలింది. వైద్యులు లోపల చూసి, కర్ణభేరి వాచి దాని మీద పొక్కులు లేచాయనీ, ఒకటి పగిలిందనీ చెప్పి అమోక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్, నొప్పి మాత్రలు రాశారు. చెవి చుక్కలు రాయలేదు. చెవి నొప్పికి మందు కడుపులోకి ఎందుకు? కర్ణభేరికి చిల్లు పడినట్టేనా?

జవాబు:
పొక్కు పగలడమూ చిల్లు పడడమూ ఒకటి కాదండీ. కర్ణభేరి మందం మిల్లీమీటరులో పదో వంతే అయినా అందులో మూడు పొరలున్నాయి. పొక్కు లేచేది పైపొర కింద. ఆ పైపొర నరాలు దట్టంగా ఉన్న చర్మం గనుక, అంత చిన్న పొక్కుకే ప్రాణం తోడేసినట్లుంటుంది. పగిలితే బిగువు తగ్గి ఉపశమనం కలుగుతుంది. ఒకప్పుడు దీనికి మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవిని కారణంగా చెప్పేవారు గానీ, తర్వాతి పరిశీలనల్లో ఎక్కువగా కనిపించినవి మధ్యచెవి ఇన్ఫెక్షన్ తెచ్చే న్యూమోకోకస్ వంటి బాక్టీరియాలే. మధ్యచెవి కర్ణభేరికి అవతల ఉంటుంది. భేరి చెక్కుచెదరకుండా ఉంటే పైనుంచి వేసిన చుక్క అక్కడికి చేరదు, రక్తం ద్వారా వెళ్లే మందు చేరుతుంది.

మరో జవాబు:
అయితే కర్ణభేరి వాపులో అన్ని రకాలకూ ఇది వర్తించదు. నాకున్నది దీర్ఘకాలిక రకం: నొప్పి పెద్దగా లేకుండానే నెలల తరబడి చీము కారుతూ, భేరి మీద ఎర్రని కండ పెరుగుతుంది. దీనికి చెవి శుభ్రం చేసి చుక్కలే వేస్తారు. తెలియక మొదట్లో ఇంట్లో మిగిలిన జెంటామైసిన్ చుక్కలు వేసుకుని వైద్యుల చేత చీవాట్లు తిన్నాను, ఎందుకంటే భేరికి చిల్లు ఉంటే ఆ మందు లోపలి చెవిని దెబ్బతీయగలదు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. నొప్పి తగ్గింది గానీ, ఆ చెవికి మాటలు గోడ అవతలి నుంచి వస్తున్నట్లున్నాయి.

జవాబు:
మధ్యచెవిలో నీరు నిలిచినంతకాలం అలా ఉండడం మామూలే. కానీ ఈ పొక్కుల జబ్బులో ఒక్కోసారి లోపలి చెవి కూడా దెబ్బతింటుంది కనుక, నీరు ఇంకేదాకా ఆగకుండా ఇప్పుడే వినికిడి పరీక్ష చేయించుకోండి. తల తిరిగినా, మూతి ఒక పక్కకు లాగినా, చెవి వెనుక వాచినా ఆ రోజే వైద్యులను కలవాలి. చెవి మానేదాకా తలస్నానం చేసేటప్పుడు వాసెలీన్ పూసిన దూదిని చెవి మొదట్లో ఉంచుకోండి, లోపలికి నెట్టవద్దు.