సన్నిధికో, సన్నిధికే? ఒక పల్లవిలో ఒక్క అక్షరం

కృష్ణలంక:
నాలుగు రోజులుగా ఈ క్రైస్తవ కీర్తన పల్లవి నన్ను వదలడం లేదు. "ఉన్నపాటున వచ్చుచున్నాను నీ పాద సన్నిధికో రక్షకా". మొన్న బెజవాడలో మా మేనమామ భూస్థాపన దగ్గర అందరూ ఇలాగే పాడారు. నాకు గుర్తున్నంతవరకు మా అమ్మమ్మ మాత్రం "సన్నిధికే రక్షకా" అనేది. గుంటూరులో ఆవిడ పక్కన చాప మీద కూర్చుని ఎన్ని ఆదివారాలు విన్నానో. ఏది సరైన పాఠం?

తెనాలి మాస్టారు:
"సన్నిధికో"యే. సన్నిధికి + ఓ రక్షకా. షష్ఠి "కి" ఏమ్యాదుల్లో (ఏమి, మఱి మొదలైన మాటల జాబితాలో) ఉంది కాబట్టి సంధి వైకల్పికం, అంటే చేయొచ్చు, మానొచ్చు. హరికిచ్చె, హరికినిచ్చె అన్నట్టే. సంధి చేయకపోతే "సన్నిధికి నో రక్షకా" అయ్యేది. "కే" అంటే ఆ పిలుపు పోతుంది. పిలుపు లేకపోతే ఆ పాటకు ప్రాణమేది?

పాటలపెట్టె:
వ్యాకరణం ఒప్పుకుంటాను మాస్టారూ, కానీ పాడేవాళ్ళు అలా విడదీయరు. పదహారేళ్ళుగా మా కోరస్‌కి హార్మోనియం వాయిస్తున్నాను. "సన్నిధీ" అని సాగదీసి, అక్కడ ఊపిరి తీసుకుని, "కో రక్షకా" అని ఎత్తుకుంటారు. చిన్నప్పటి నుంచి నాకు ఆ "కో" పుచ్చుకో, తీసుకోలలో ఉన్న "కో"లాగే వినిపిస్తుంది. నన్ను తీసుకో రక్షకా అని. భక్తుడి మనసుకు ఇదే దగ్గర.

తెనాలి మాస్టారు:
మనసుకు దగ్గరే, వాక్యానికి కాదు. చేకొను, గైకొను అన్నట్టు "కొను"కు ముందు ఒక మాట ఉండాలి. "నన్ను" అనే మాట ఎక్కడో చివర "నన్ను దయఁగను" దగ్గర గానీ రాదు. పైగా "కో"ని విడగొడితే "వచ్చుచున్నాను నీ పాద సన్నిధి" అని మిగులుతుంది. ఎక్కడికి వస్తున్నాడో చెప్పే "కి" ఏమైనట్టు?

మంగళగిరి మగ్గం:
మీరిద్దరూ "కో" దగ్గరే ఆగిపోయారు. నాకు అసలు చిక్కు మొదటి మాటలోనే ఉంది. ఇవాళ "ఉన్నపాటున ఊరెళ్ళాడు" అంటే హఠాత్తుగా వెళ్ళాడని. ఈ పాటలో అది కాదు. ఉన్నవాణ్ణి ఉన్నట్టుగా, ఏమీ సర్దుకోకుండా, అని. దీనికి మూలమనుకునే "జస్ట్ యాజ్ ఐ యామ్" అనే ఇంగ్లీషు కీర్తన రాసిన షార్లెట్ ఎలియట్ కథ తెలిస్తే ఈ అర్థం ఇట్టే దొరుకుతుంది. ముప్పై ఏళ్ళ వయసు దాటాక జబ్బుతో మంచానికి అంటుకుపోయిన మనిషి. 1822లో జెనీవా నుంచి వచ్చిన సెజార్ మలాన్ అనే బోధకుడు "ఎలా ఉన్నావో అలాగే రా" అన్నాడు. ఆ మాట పన్నెండేళ్ళకు పైగా ఆమెలో ఉండిపోయింది. బ్రైటన్‌లో వాళ్ళ అన్నగారు పేద పాదిరీల ఆడపిల్లలకు బడి పెట్టడానికి నిధుల కోసం సంత పెట్టారు. ఇంటిల్లిపాదీ ఆ పనిలో ఉంటే ఈమె ఒక్కతే ఏ పనికీ రాకుండా పడి ఉంది. ముందురోజు రాత్రంతా నిద్ర లేదు. మర్నాడు ఆ పాట రాసింది. 1836లో రోగుల కోసం కూర్చిన కీర్తనల పుస్తకంలో అచ్చయింది. ఆరు చరణాలు, ప్రతి చరణం చివర "వస్తున్నాను" అనే మాటే.

తెనాలి మాస్టారు:
అన్నగారు కాదండి, తమ్ముడు. ఆవిడ 1789లో పుట్టారు, హెన్రీ వెన్ ఎలియట్ 1792లో. తన సేవాకాలమంతటి ఫలం కన్నా అక్క రాసిన ఆ ఒక్క పాట వల్ల జరిగిందే ఎక్కువని ఆయనే చెప్పుకున్నాడు.

మంగళగిరి మగ్గం:
తమ్ముడే, సరిదిద్దినందుకు కృతజ్ఞతలు. అర్థం గురించి నా మాట మాత్రం మారదు.

పాటలపెట్టె:
ఆవిడ పాటకు ఇది అనువాదం అంటే నేను ఒప్పుకోను. "ఎన్న శక్యముగాని పాపములన్ని మోపుగ వీపుపైఁబడి" అన్నది ఎలియట్‌లో ఎక్కడుంది? వీపు మీద బరువుతో నడిచే మనిషి జాన్ బన్యన్ రాసిన "యాత్రికుని ప్రయాణం" కథలోని యాత్రికుడు, 1678 నాటివాడు. మన కవి మొదటి మాట ఒకచోట, బరువు ఇంకోచోట తీసుకున్నాడని నా ఊహ.

కృష్ణలంక:
మోపు అంటే మా వైపు గడ్డిమోపు, కట్టెల మోపు. తల మీద పెట్టుకుంటారు కదా. వీపు మీద మోపు ఏమిటి?

మంగళగిరి మగ్గం:
తల మీద పెట్టుకున్న మోపు మనం ఎత్తుకున్నది. ఇక్కడ "పైఁబడి" అన్నాడు చూడండి. అది వచ్చి మీద పడింది, వంగిపోయాడు. అందుకే "నడలేక". మా అమ్మ పచ్చగడ్డి మోపుతో చేలో నుంచి గట్టు ఎక్కేటప్పుడు కాలు జారితే మోపు వెనక్కి వీపు మీదకు దొర్లేది. మనిషి రెండడుగులు పక్కకు తూలి నిలదొక్కుకునేది. తొట్రిల్లడం అంటే నా కళ్ళకు కనిపించేది అదే.

తెనాలి మాస్టారు:
"తొట్రిల్లు" కాదు, "తొట్రిలు". లెక్కపెట్టండి. ఎన్న శక్యము, గాని పాపము, లన్ని మోపుగ, వీపుపైఁబడి, యున్నవిదె నడ, లేక తొట్రిలు, చున్నవాఁడను, నన్ను దయఁగను. ప్రతి ముక్కా మూడూ నాలుగూ, ఏడేసి మాత్రలు. "తొట్రిల్లు" అంటే ఒక మాత్ర ఎక్కువై కాలు తప్పుతుంది. ఎన్న, అన్ని, ఉన్న, చున్న, నన్ను అంటూ ప్రాస ఎలా నడిపించాడో కూడా చూడండి.

పాటలపెట్టె:
మరి "కో"కి ఈ లెక్క పనికిరాదా?

తెనాలి మాస్టారు:
రాదు. కో, కే రెండూ గురువులే.

వినుకొండవాడు:
ఆలస్యంగా వచ్చాను. ఇంత మాట్లాడారు, "సన్నిధి"ని ఎవరూ ముట్టుకోలేదు. అది గుడి మాట. మా ఊళ్ళో 1895లో పుట్టిన జాషువాను తలచుకోకుండా ఆ మాట దాటి వెళ్ళలేను. ఆయన గబ్బిలం కావ్యంలో అంటరానివాడైన ఆ పేదవాడు తన గోడు కాశీలో శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. ఎందుకు? గబ్బిలానికి గుడిలోకి దారి ఉంది, అతనికి లేదు. ఆ మనిషి పక్కన ఈ పల్లవి పెట్టి చదవండి. "వచ్చుచున్నాను నీ పాద సన్నిధికి". దూత లేడు, తనే నడిచి వస్తున్నాడు, అదీ ఉన్నపాటున. క్రీస్తు చరిత్రకు 1964లో సాహిత్య అకాడమీ బహుమతి ఇచ్చారు, సంతోషమే. నాకు మాత్రం ఆయన క్రీస్తును గబ్బిలంలోనే ముందు చూసినట్టుంటుంది.

మంగళగిరి మగ్గం:
ఈ మాటకు మీకు దణ్ణం పెట్టాలి. "ఉన్నపాటున" అంటే నేను చెప్పిన అర్థానికి ఇంతకన్నా బలం వద్దు.

పాటలపెట్టె:
అలాగైతే "సన్నిధికే" కూడా నిలబడుతుంది కదా. ఇంకెక్కడికీ కాదు, నీ సన్నిధికే అని. అమ్మమ్మ తప్పు పాడలేదేమో.

తెనాలి మాస్టారు:
భావం కుదిరినంత మాత్రాన పాఠం మారదు.

కృష్ణలంక:
ఇవాళ గుంటూరు వెళ్ళి అమ్మమ్మ కీర్తనల పుస్తకం బీరువాలోంచి తీశాను. అట్ట ఊడిపోయింది, దారంతో కట్టి ఉంది. అచ్చులో "సన్నిధికో" అనే ఉంది. దాని పైన సన్నని పెన్సిల్‌తో "కే" అని రాసి ఉంది. చేతిరాత అమ్మమ్మదా, తాతయ్యదా అన్నది అమ్మ కూడా చెప్పలేకపోయింది.

తెనాలి మాస్టారు:
ఆ పేజీ ఫోటో పెట్టండి బాబూ. కింది లైన్లో "తొట్రిలు" అనుందా, "తొట్రిల్లు" అనుందా?