పిస్టన్ డస్ట్ బూట్ చిరిగితే బూట్ మారిస్తే చాలా, క్యాలిపరే మార్చాలా?

విశాఖ వాహనదారు:
ముందు బ్రేక్ ప్యాడ్లు మార్పిద్దామని చక్రం విప్పించినప్పుడు, ఎడమ క్యాలిపర్‌లో (ప్యాడ్లను డిస్క్‌కు అదిమే భాగం) ప్యాడ్‌ను నెట్టే పిస్టన్ చుట్టూ, దుమ్ము, నీరు చేరకుండా ఉండే రబ్బరు డస్ట్ బూట్ ఒక పక్క చిరిగి, గాడిలోంచి బయటకు వచ్చి కనిపించింది. బ్రేక్ ఆయిల్ కారడం లేదు, బండి పక్కకు లాగడం లేదు. మెకానిక్ క్యాలిపర్ మొత్తం మార్చాలంటున్నారు. స్పేర్ పార్ట్స్ షాపులో మాత్రం సీలు, బూటు కలిపి కిట్‌గా దొరుకుతాయన్నారు. ఆయిల్ కారనప్పుడు కొన్నాళ్లు ఇలాగే నడపవచ్చా? మార్చక తప్పదంటే ఏది మార్చాలి?

ఆటోనగర్ మెకానిక్:
మీ మెకానిక్ చెప్పిందే సరైనదండీ. ఆ బూట్ చిరిగి ఎన్నాళ్లయిందో ఎవరూ చెప్పలేరు, పైగా మీది సముద్రపు గాలి తగిలే ఊరు. పిస్టన్‌ను ఎమరీ పేపర్‌తో రుద్ది, కొత్త కిట్ వేసి పంపిన బండ్లు వానలు పడగానే పిస్టన్ పట్టేసి, చక్రం కాలిపోతోందంటూ తిరిగి రావడం నేను చాలాసార్లు చూశాను. బ్రేకుల దగ్గర పొదుపు వద్దు.

పాలిటెక్నిక్ ఆటోమొబైల్ అధ్యాపకుడు:
మెకానిక్ గారూ, ఆ బండ్లు తిరిగి రావడానికి కారణం మీ మాటల్లోనే ఉందని నా అభిప్రాయం. ఉక్కు పిస్టన్‌ను తుప్పు నుంచి కాపాడేది దాని మీది క్రోమ్ పూత. ఎమరీతో రుద్దితే ఆ పూతే పోతుంది.

వాహనదారు గారి మొదటి ప్రశ్నకు వస్తే, ఆయిల్‌ను ఆపేది బూట్ కాదు, లోపల సిలిండర్ గాడిలో కూర్చున్న సీల్. బ్రేక్ నొక్కినప్పుడు పిస్టన్‌తో పాటు కొద్దిగా వంగి, పాదం తీయగానే యథాస్థితికి వస్తూ పిస్టన్‌ను వెనక్కి లాగేది కూడా అదే. కాబట్టి ఆయిల్ కారడం లేదన్న ధైర్యంతో బండి నడపకండి. ముఖ్యంగా, ప్యాడ్లు అరిగిన కొద్దీ బయటకు జరిగిన పిస్టన్‌ను, దానికి పట్టిన మట్టితో, తుప్పుతో సహా సి-క్లాంప్ పెట్టి లోపలికి నెట్టి కొత్త ప్యాడ్లు వేస్తే, ఇప్పటిదాకా బాగున్న సీల్ ఆ ఒక్క పనితోనే గీసుకుపోవచ్చు.

ఇక రెండోది. పిస్టన్ బయటకు తీయించి, తుడిచి, సీల్ ఆనే భాగం మీద గోరు పోనిచ్చి చూడండి. ఎక్కడా తగలకుండా జారితే కిట్ చాలు. గుంటలు తగిలితే పిస్టన్ కూడా కొత్తది వేయాలి. ఈ రకం క్యాలిపర్‌లో సీల్ రాసుకునేది పిస్టన్ మీదే గనుక, సిలిండర్ గోడ మీది పలుచని తుప్పును శుభ్రం చేసుకోవచ్చు. సీల్ గాడే తినేసి ఉంటే మాత్రం క్యాలిపర్ మార్చాల్సిందే.

హైదరాబాద్ వాహనదారు:
కొత్తగా చదివేవారికి ఒక్క మాట: చిరిగింది గైడ్ పిన్ (క్యాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఆధారమైన పిన్ను) బూట్ అయితే ఇంత చర్చ అక్కర్లేదు. పిన్ను తీసి, తుడిచి, సిలికాన్ గ్రీజు రాసి కొత్త బూట్ వేస్తే సరిపోతుంది. బేరింగులకు వాడే మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి పిన్ను బిగుసుకుపోతుంది.

ఆటోనగర్ మెకానిక్:
ఎమరీ విషయంలో అధ్యాపకుడు గారితో ఏకీభవిస్తాను. అయితే చాలా మోడళ్లకు పిస్టన్ విడిగా దొరకదు. దాన్ని గాలి కొట్టి బయటకు తీసేటప్పుడు ఎదురుగా చెక్క ముక్క పెట్టకుండా వేళ్లు పెట్టే కుర్రాళ్లను చూశాను. నలిగితే ఆ వేలు పనికిరాదు. బిగించాక బ్రేక్ ఆయిల్‌లో చేరిన ఎయిర్ పూర్తిగా తీయకపోతే పెడల్ మెత్తగా దిగిపోతుంది. ఇవన్నీ శ్రద్ధగా చేసే మనిషి దగ్గరుంటే కిట్ వేయించుకోండి, అభ్యంతరం లేదు. లేకపోతే నా సలహా ఇప్పటికీ క్యాలిపరే.

విశాఖ వాహనదారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ప్యాడ్లు వేయడం ఆపించాను. రేపు నా ఎదుటే పిస్టన్ తీయించి, కుడివైపు బూట్ కూడా చూపించమని అడుగుతాను.